వేరు పొయ్యి

“రేపట్నుంచి ఎవురడిగినా నువ్వు నాతో ల్యావని చెప్పాల. ఏరే ఉంటాండావని చెప్పాల.”

జొన్నలు చెరుగుతున్న కమలాక్షమ్మ చేతిలో చేట ఆగిపోయింది. లక్ష్మీనారాయణ ఆ మాట తువాలుతో మెడ తుడుచుకుంటూ, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత తేలికగా చెప్పాడు. చెప్పి, చెంబు అందుకుని నీళ్ళు తాగాడు. అరుగు మీద వక్క కత్తిరించుకుంటున్న అత్తగారు జయలక్ష్మమ్మ తల కూడా ఎత్తలేదు. ఆమెకు ముందే తెలుసునన్నమాట. అన్నీ కుదిరాక, అందరికీ తెలిశాక, చివరన తనకు చెప్పడం ఈ ఇంటి అలవాటు. కూతురు రామేశ్వరిని బడి మాన్పించినప్పుడూ అంతే. పిల్ల పలక అటక మీద కనబడితే అప్పుడు అర్థమైంది.

సంగతి బావిది. ఆళ్లగడ్డ బ్లాకు ఆఫీసువాళ్ళు ఆ ఏడాది చిన్న రైతులకు బావులు మంజూరు చేస్తున్నారు. ఐదెకరాలకు లోపు ఉన్నవాళ్ళు బావి తవ్వుకుంటే ఖర్చులో సగం సర్కారే పెట్టుకుంటుంది. తిరిగి కట్టే పని లేదు. ఆఫీసువాళ్ళు దాన్ని సబ్సిడీ అంటారు, ఊళ్ళోవాళ్ళు ఉత్తపుణ్యం దుడ్లు అంటారు. లక్ష్మీనారాయణకు ఉన్నది అరవై ఎకరాల నల్లరేగడి. అయినా నిరుడు ఆయిలింజను వాళ్ళమ్మ పేరు మీద అలాగే వచ్చింది. అంతకుముందు ఎరువు బస్తాలు వచ్చాయి, ఎవరి పేరు మీదో ఆమెకు తెలియదు. ఈసారి కరణంతో మాట్లాడి, వాగు పక్కనున్న నాలుగెకరాలకు కమలాక్షమ్మ పేరు మీద పట్టా మార్పించాడు. అయితే మొగుడూ పెళ్ళాలది ఒకే కాపురమైతే ఇద్దరి భూమినీ కలిపి చూస్తారట. గ్రామసేవకుడు జయరాజు ఆ మెలిక చెప్పాడు. అందుకని ఆమె వేరుపడాలి. దరఖాస్తులో అప్పటికే వేరుపడిపోయింది కూడా. పోయిన నెల రొట్టెలు తడుతుంటే పిలిచి ఇక్కడ చెయ్యి అంటే పిండిచేత్తోనే సంతకం చేసింది. ఏమిటని అడగలేదు. అడిగితే ‘నీకు తెలీదులే’ అంటాడని తెలుసు.

“కాగితంలోనే గదా,” అన్నాడు ఆమె ముఖం చూసి. “నిన్నేమన్నా ఎల్లగొడ్తాండానా? ఆఫీసరు నంద్యాల నుంచి వచ్చి చూసి పోయేదాకనే.”

ఆ పగలంతా ఆమెకు మనసు ఒకచోట నిలవలేదు. పాలు పొంగిపోయాయి, పొంగాయని అత్తగారు అన్నదాకా చూడలేదు. వేరుపడింది. ఆ మాట ఊళ్ళో ఎవరిని గురించి అంటారో ఆమెకు తెలుసు. మొగుడు వదిలేసినదాని గురించి అంటారు, గొంతు కాస్త తగ్గించి. కాగితంలో రాసిన మాట కాగితంలోనే పడి ఉంటుందా? సర్కారువాళ్ళు ఒకసారి రాసుకున్నది మళ్ళీ ఎవరు తుడుస్తారు? తుడిపించాలని ఈయనకు గుర్తుంటుందా? తుడిపించకపోవడమే మేలని తోస్తే? కోయిలకుంట్లలో అత్తగారి చెల్లెలి కూతురు ఉంది. ఇంకా పెండ్లి కాలేదు. మూడేళ్ళుగా ఆ పిల్ల మాట ఏదో ఒక వంకన ఇంట్లో వినబడుతూనే ఉంది. ‘దానికెంత ఓపిక’ అంటుంది అత్తగారు. ‘వంశానికొక మగనలుసు ఉండాల గదా’ అంటుంది, రామేశ్వరి తలకు నూనె రాస్తూనే. రెండో పెండ్లి కూడదని చట్టం వచ్చిందట గదా అని కమలాక్షమ్మ ఒకసారి ధైర్యం చేసి అంది. అత్తగారు నవ్వింది. ‘ఒక కాపురంలో ఇద్దరుంటే గదా చట్టం, ఏరుపడినదానికి ఏం చట్టం’ అంది. అప్పుడు అది వట్టి మాట. ఇప్పుడు ఆ మాట కింద తన సంతకం ఉంది.

మర్నాటికే ఊరికి పాకింది. నీళ్ళ కాడ పెద్ద కోమటి పెళ్ళాం బిందె దించి, ‘ఏందీ కమలాక్షీ, ఏరు పెట్టుకున్నారంట’ అని అడిగింది. లేదు, ఊరికే, బావి కోసం అని చెబుదామనుకుంది. చెప్పకూడదు. చెబితే మొగుడి మాట అబద్ధమవుతుంది. చెప్పకపోతే తన బతుకు అబద్ధమవుతుంది. తల ఊపి బిందె ఎత్తుకుని వచ్చేసింది. దారి పొడవునా బిందెలోంచి నీళ్ళు వీపు మీదికి తొణుకుతూనే ఉన్నాయి.

ఇంకొకటి కూడా ఆమెను లోపల తొలుస్తూ ఉంది. ఈ ఇంటికి వచ్చిన ప్రతి సర్కారు సాయం ఆమె పొయ్యి మీదుగానే వచ్చింది. ఎరువు రాకముందు కోడి కోసింది, ఇంజను రాకముందు ఓళిగలు చేసింది. జీపు చప్పుడు వినబడితే చాలు, ఎవరూ చెప్పకముందే ఎసట్లో ఇంకో మానిక బియ్యం పోసేది. వచ్చినవాళ్ళు తిని, మెచ్చుకుని, ఆకూవక్కా వేసుకుని, అడిగిన చోట సంతకం పెట్టి పోయేవాళ్ళు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఒకటేనంటారు. ఈ ఊళ్ళో కడబంతిలోవాళ్ళకు ఆకు వేసిన పాపాన ఎవరూ పోలేదు. నిండిన ఆకులోకే మళ్ళీ మళ్ళీ పోశారు, పోసిన చెయ్యి మాత్రం తనది. అందరూ తిన్నాక తను కూర్చునేసరికి కుండ అడుగున మాడు, గోకితే వచ్చేది. ఊరి కడబంతీ, తన అడుగు మాడూ ఒకే న్యాయమని ఆమెకు ఇంతకాలం తోచలేదు.

ఆ బావి యోబు కూడా అడిగాడని ఆమెకు తెలుసు. యోబుకూ, అతని పెళ్ళాం ఏసమ్మకూ వాగుకు దగ్గర్లోనే, ఇప్పుడు తన పేరున ఉన్న చేనిని ఆనుకుని, రెండెకరాలు ఉంది. ఏసమ్మ ఈ ఇంటికి పత్తి తీయడానికి కూలికి వస్తుంది. అతను నిజంగా చిన్న రైతే గదా అని రాత్రి అన్నం దగ్గర మెల్లగా అంటే, లక్ష్మీనారాయణ కోపం తెచ్చుకోలేదు. ఓపిగ్గా చెప్పాడు. “రెండెకరాలోనికి బావి ఇచ్చి ఏం చేసుకోనికి? మనం పండిస్తే దేశానికి గింజ. వాడు పండిస్తే వాని కడుపుకే చాలదు.”

కడుపుకే చాలనివాడికి గదా కావలసింది, అన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. మజ్జిగ పోసింది.

ఆఫీసరు రావడానికి ముందురోజు ఆమెను బండిలో పొలానికి తీసుకుపోయాడు. తన పేరు మీదున్న భూమిని ఆమె చూడటం అదే మొదలు. తూర్పున వాగు, పడమర యోబు చేను, ఉత్తరాన బండిదారి అని చిలక్కి నేర్పినట్టు రెండుమూడుసార్లు చెప్పించాడు. ఈ యేడు ఏం పెట్టావంటే జొన్న అనాలి. ఎవరు దున్నారంటే కూలికి దున్నించుకున్నాననాలి. మొగుడు చూడడా అంటే చూడడనాలి. అన్నీ అప్పజెప్పింది. అతను సంతోషించి, పాలేరుతో మాట్లాడటానికి అటు పోయాడు.

ఆమె కాళ్ళు యోబు చేనువైపు నడిచాయి.

గుంత నిలువెత్తు దాటి దిగింది. అడుగున యోబు గడ్డపారతో నాపరాయి పెచ్చు లేపుతున్నాడు. పైన ఏసమ్మ మోకు నడుముకు చుట్టుకుని, మడమలు తన్నిపెట్టి గంప లాగుతోంది. నల్లమట్టి గట్లు అప్పటికే నెర్రెలు ఇచ్చి ఉన్నాయి. ఆ నెర్రెలను చూడగానే కమలాక్షమ్మకు నాయన గుర్తొచ్చాడు. సంజామల దగ్గర ఆమె పుట్టింటి పల్లెలో నాయన తవ్విన బావీ ఇలాగే నాపరాయి దాకా దిగి ఆగిపోయింది. తూటాలు పెట్టి రాయి పేల్పించడానికి శక్తి లేకపోయింది. వానకు గట్లు కూలి పూడింది. ఉన్న మూడెకరాలూ బీడుపడ్డాయి. ఆ మీదట నాయన ఎవరి చేలలోనో కూలికి పోయాడు. పనిమంతురాలని ఆమెను ఈ పెద్దింట్లోకి చేసుకున్నారు గానీ, కూలివాడి కూతురని గుర్తుచేయడం మానలేదు.

ఏసమ్మ గంప కుమ్మరించి, కొంగుతో ముఖం తుడుచుకుంది. ఇంటి దగ్గరైతే కమలాక్షమ్మ పైనుంచి పోసే నీళ్ళు దోసిలి పట్టి తాగే మనిషి. ఇక్కడ ఆమె చేను, ఆమె కుండ. తానే ముంత ముంచి ఇవ్వబోయి, సందేహించి ఆగింది. కమలాక్షమ్మ అందుకుని తాగింది.

“నీకు బావి వస్తే మాకు రాదంటమ్మా,” అంది ఏసమ్మ. “రెంటికీ ఎడం చాలదంట. జయరాజన్న ముఖం యాడనో పెట్టుకుని చెప్పినాడు. వాన పడేలోపు రాయి పేల్చకుంటే ఇది కూలిపోతాది.”

కమలాక్షమ్మ ముంతను కుండ మీద బోర్లించి పెట్టింది.

“నీకు నిజంగా భూమి ఇచ్చింటే మేమేడ్చం. ఆడమనిషికి అంత చెక్క దొరికిందిలే అనుకుంటాం. నీకూ ఈయక, మాకూ రాకుండ చేస్తాండారే, అదమ్మా నాకు కడుపులో మండేది.”

కోపంగా అనలేదు. అని, మోకు మళ్ళీ నడుముకు చుట్టుకుంది. బండిలో తిరిగి వస్తూ కమలాక్షమ్మ ఆ మాటనే అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నీకూ ఈయక. అవును, ఇవ్వలేదు. కానీ పట్టా ఎవరి పేరున ఉంది? ఆ ప్రశ్న రాగానే దొంగతనం చేసినదానిలా మొగుడి వీపు వైపు చూసింది. అతను ఎద్దులను అదిలిస్తున్నాడు.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు దూడల కొట్టం ఊడ్పించి ఉంచింది. వేరు కాపురమంటే వేరు పొయ్యి కనబడాలి, అది ఆఫీసర్లు మొదట చూసేదట. మూడు రాళ్ళు, రెండు నల్ల కుండలు, ఈతచాప, నీళ్ళబాన తెచ్చి సర్దారు. దేవుడి పటం ఒకటి గోడకు తగిలించమని కూడా జయలక్ష్మమ్మే చెప్పింది, ఇల్లులాగా ఉంటుందని. రాళ్ళకు మసి లేకపోతే కొత్తవని తెలిసిపోతుంది కాబట్టి ఆ పూట అక్కడ వండమన్నారు. “నీకూ పిల్లకూ మాత్రం చాలు. ఎక్కువ కట్టె కాల్చొద్దు,” అంది అత్తగారు.

ఇద్దరికి చాలినంత ఎసరు ఎంత పెట్టాలో ఆమెకు తెలియలేదు. ఎప్పుడూ పెట్టలేదు. గుప్పెళ్ళతో వేసింది. సంగటి కెలికి, ఊరుబిండి నూరి, రామేశ్వరికి పెట్టింది. తనూ పెట్టుకుంది. ముద్దకు చెయ్యి కాలింది. ఉఫ్‌మని ఊదుకున్నాక గాని తెలియలేదు, ఈ ఇంటికి వచ్చాక పొయ్యి మీది ముద్ద పొగలుండగా తినడం ఇదే మొదటిసారని. ఎవరూ పిలవలేదు. ఇంకో రొట్టె అనలేదు, చల్లారింది అనలేదు. పిల్ల కూడా తలవంచి కాక, గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని తింది. ఆ సుఖం ఆమెకు సుఖంగా కాక భయంగా తోచింది. ఇంత కొంచెమా? ఈ కొంచెం కోసమేనా ఇన్నాళ్ళూ లోపల ఏదో పీకుతూ ఉన్నది? ఈయన వదిలేస్తే తను ఏమైపోతుందో అని రెండు రోజులుగా వణుకుతోంది. ఏమైపోతుంది? ఇలా ఉంటుంది. ఇలా ఉండటానికేనా అంత భయపడవలసింది? ఆ ఆలోచన ఎంత దూరం తీసుకుపోతుందో తెలియక, గబగబా కుండలు తోమడానికి లేచింది.

మరునాడు పెద్దింటి పొయ్యి మీద కోడి, వరన్నం, ఓళిగలు కూడా ఆమే చేసింది. ఆఫీసరు కొత్తవాడు, బక్కపలచటి మనిషి. భోజనం ఆళ్లగడ్డలోనే అయిందని అరుగు కూడా ఎక్కలేదు. లక్ష్మీనారాయణ ముఖంలో మొదటిసారి జంకు కనబడింది. ఆఫీసరు దూడల కొట్టంలోకి వంగి తొంగిచూసి, పొయ్యి చూసి, పొలానికి పోదామన్నాడు. జీపులో ఆయనా, జయరాజూ, లక్ష్మీనారాయణా ముందు వెళ్ళారు. కమలాక్షమ్మ బండిలో వెనక వెళ్ళింది. దారంతా నేర్పిన జవాబులు చెప్పుకుంటూనే ఉంది. అవి అన్నీ వస్తున్నాయి. మాట తడబడకుండా వస్తున్నాయి. అదే ఆమెకు భయం.

చేలో యోబూ ఏసమ్మా తమ గట్టు మీద నిలబడి ఉన్నారు. పిలవలేదు కనుక దగ్గరికి రాలేదు.

“అమ్మా, మీరు మీ ఆయనతో కలిసి లేరా?” అని అడిగాడు ఆఫీసరు. అడగటానికి అతనికే ఇబ్బందిగా ఉన్నట్టుంది, కళ్ళు భూమి మీద పెట్టుకున్నాడు.

లక్ష్మీనారాయణ ఆమెను చూడలేదు. వాగు వైపు చూస్తున్నాడు. పరాయి మనిషి ముందు, కూలివాళ్ళ ముందు, నన్ను మొగుడు ఏలుకోవడం లేదని తన నోటితో తానే చెప్పాలి. చెప్పించేవాడు ఏలుకుంటున్న మొగుడే. కొంగు తల మీదికి లాక్కుంది.

“అవును సార్. నేను ఏరే.”

లక్ష్మీనారాయణ భుజాలు వదులయ్యాయి. ఈ నాలుగెకరాలూ మీవేనా, మీ ఇష్టప్రకారమే సేద్యం చేస్తారా అని ఆఫీసరు అడిగాడు.

“నావే సార్. పట్టా నా పేరు మిందనే ఉండాది. దీంట్లో ఆయప్పకు మాట ల్యా.” ఇది కూడా నేర్పిన జవాబే. నేర్పినప్పుడు అది ఇంత బరువుగా లేదు.

“అయితే బావి ఎక్కడ కావాలో చూపించండి.”

వాగు మలుపు దగ్గర లక్ష్మీనారాయణ నిన్ననే ఒక కట్టె పాతించి ఉంచాడు. కమలాక్షమ్మ ఆ కట్టెను దాటి నడిచింది. వెనక చెప్పుల చప్పుడు ఆగిపోవడం వినబడింది. ఆగితే ఇక నడవలేనని తెలుసు, అందుకని ఆగలేదు. గట్టు దాటి, ఏసమ్మ పక్కనుంచి, గుంత అంచున నిలబడింది.

“ఈడ సార్.”

“ఇది మీ చేను కాదు గదమ్మా.”

“కాదు సార్. యోబుది. రెండెకరాలే వాళ్ళది. నాపరాయి దాకా వాళ్ళిద్దరే దింపుకున్నారు. రెండు బావులకు ఎడం చాలదంట గదా. నాకొద్దు. దీనికే ఈయండి.”

“మరి మీ పైరుకు నీళ్ళో?”

“వాళ్ళు తడుపుకున్నాక మిగిలితే అడుక్కుంటా. ల్యాకుంటే వాననమ్మి జొన్న ఏసుకుంటా.”

ఆఫీసరు వెనక్కి తిరిగి లక్ష్మీనారాయణ వైపు చూశాడు. ఇప్పుడు మొగుడు నోరు తెరిచి ఇదంతా అబద్ధం, అది నా పెళ్ళాం, నా ఇంట్లోనే ఉంది అంటే అయిపోయింది. కానీ అలా అంటే దరఖాస్తు అబద్ధమవుతుంది. తల్లి పేరున వచ్చిన ఇంజను సంగతి లేస్తుంది, ఎరువు సంగతి లేస్తుంది. ఆయన దవడ కదిలింది గానీ మాట రాలేదు. తన మొగుడికి నోట మాట రాకపోవడం ఆమె ఇంతకుముందు చూడలేదు.

“వేరు కాపురం కదా, మిమ్మల్ని అడిగే పని లేదు,” అన్నాడు ఆఫీసరు. అతనికి అంతా అర్థమైందో, ఏమీ అర్థం కాలేదో ముఖం చూస్తే తెలియలేదు. యోబును దగ్గరికి పిలిచి, గుంత లోతు, రాయి సంగతి అడిగాడు. తను రాసి పంపుతానని, మంజూరు పైవాళ్ళ చేతిలో ఉందని చెప్పి జీపు ఎక్కాడు. ఆ మంజూరు ఆలస్యంగానే వచ్చింది గానీ ముంగారి తొలకరి వానలకు ముందే వచ్చింది. తూటాలు పేలి, నాపరాయి కింద నీటి చెమ్మ కనబడిన సంగతి తరవాతది. ఆ వేళకు మాత్రం ఎవరికీ ఏ నమ్మకమూ లేదు. కమలాక్షమ్మ బండి ఎక్కేటప్పుడు ఏసమ్మ వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుని ఎక్కించింది.

ఇంటికి చేరాక లక్ష్మీనారాయణ ఆమెతో కాక వాళ్ళమ్మతో మాట్లాడాడు. లోపలినుంచి అత్తగారి గొంతు వినబడుతోంది. కూలివాని కూతురు కూలివాళ్ళకే పెట్టిందని, కోయిలకుంట్లకు కబురు పంపాల్సిందేనని. కమలాక్షమ్మకు భయం పోలేదు. పోతుందని ఆమె అనుకోలేదు కూడా. తెచ్చుకుంటే తెచ్చుకుంటాడు. తను నిలబడడానికి కాళ్ళ కింద ఏముందో మాత్రం ఈ పొద్దు తెలిసింది. వాగు పక్క నాలుగెకరాలు ఉంది, తూర్పు ఎల్లా పడమర ఎల్లా నోటికి వచ్చు.

పొద్దు వాలుతుంటే లక్ష్మీనారాయణ దూడల కొట్టం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆమె పొయ్యి ముందు కూర్చుని పత్తికట్టె ఎగదోస్తోంది. రామేశ్వరి చాప మీద ఉల్లిగడ్డ వలుస్తోంది. పెద్దింట్లో పొద్దుటి కోడి, ఓళిగలు మూతలు పెట్టి అలాగే ఉన్నాయి, వడ్డించేవాళ్ళు లేక. అతను అరవలేదు. ఆకలి మీద ఉన్న మనిషి, అలసిపోయి ఉన్నాడు. తల తిప్పకుండానే ఆమెకు ఆ నీడ తెలిసింది. లేచి పోవాలని ఒళ్ళు తనంతట తానే ముందుకు వంగింది. చేతులు నేలకు ఆనించి కూర్చుండిపోయింది.

“ఆఫీసరు పాయె గదా,” అన్నాడు. “ఇంక చాలు ఈ నాటకం. ఆ రాళ్ళు తీసి పారేసి ఇంట్లోకి పా.”

ఆమె ఎసట్లో ఉప్పు వేసింది. రుచి చూడటానికి అరచేతిలో చుక్క వేసుకుని నాకింది. చాలు.

“నాటకం నువ్వాడితివి,” అంది. “నేను ఉంటాండా.”